అద్దాలాయన గేర్ల సైకిలు

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో పనిచేసే మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. కౌంటర్లో కూర్చునే అమ్మాయి బాబాయిగారూ అంటుంది. యజమాని ఏవండీ అంటాడు. వీధిలో వాళ్ళకి ఆయన అద్దాలాయన. యాభై రెండేళ్ళ మనిషి, ఇరవై ఏడేళ్ళుగా అదే గదిలో, అదే స్టూలు మీద కూర్చుంటున్నాడు. గోడకి పుస్తకమంత కంత ఒకటి ఉంటుంది. అందులోంచి ప్లాస్టిక్ ట్రే లోపలికి వస్తుంది. ట్రేలో ఒక ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, నంబర్లు రాసిన చీటీ ఉంటాయి. ఆయన అద్దాన్ని తిరిగే రాయికి ఆనించి, మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతుండగా ఫ్రేము ఆకారానికి అరగదీసి, గాడిలో కూర్చోబెట్టి, ఆవగింజంత మరను బిగించి, ట్రేని మళ్ళీ అదే కంతలోంచి బయటికి తోసేస్తాడు. నోటితో అవసరం లేని పని. సాయంత్రానికి ఆయన మాట్లాడిన మాటలు పది దాటాయంటే ఆ రోజు ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాటే.

ఆయన్ని పొగరుబోతు అనుకునేవాళ్ళు లేకపోలేదు. పొగరు చూపించడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి కదా, ఆయనకి ఆ మనిషే లేడు. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఇద్దరి వాటా మాటలూ ఆవిడే మాట్లాడేసేది. ఈయనకి ఊకొట్టడమే పని. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది. పెళ్ళి సంబంధాలు రెండు మూడు రాకపోలేదుగానీ, ఈయన ఔననకా కాదనకా కూర్చునేసరికి అవతలివాళ్ళు విసుగెత్తి వేరే దారి చూసుకున్నారు. ఇక మిగిలింది వేరే ఊళ్ళో ఉండే అక్క. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేస్తుంది.

"తిన్నావా?"

"ఆఁ."

"ఒంట్లో బాగుందా?"

"ఆఁ."

"గ్యాసు కట్టేశావా?"

"ఆఁ."

అక్క ప్రేమలో లోటేమీ లేదు. మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు వస్తుంటే నాలుగోది అడగాలని ఎవరికనిపిస్తుంది.

ఆ అక్క కొడుకు చదువుకోసమని రెండేళ్ళు మావయ్య ఇంట్లో ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ తన మౌంటెన్ సైకిలు వరండాలో వదిలేసి, "నువ్వే ఉంచుకో మావయ్యా, పాతసామాన్లవాడు కూడా దీన్ని ముట్టుకోనన్నాడు" అన్నాడు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కొండలూ గుట్టలూ ఎక్కడానికి తయారైన ఆ బండి కాలేజీ మెట్లు తప్ప ఏమీ ఎక్కలేదు. ఇనప ఫ్రేము బరువుకి భుజం జారిపోతుంది. గేర్లు ఇరవై ఒకటి ఉన్నాయని రాసుంటుందిగానీ పనిచేసేవి నాలుగు. ముందుచక్రాన్ని పట్టుకునే స్ప్రింగుల ఫోర్కు తుప్పుపట్టి బిగుసుకుపోయి, పనిచేయడం మానేసి బరువు మాత్రం పెంచుతోంది. అలాంటివాళ్ళని మనం ఆఫీసుల్లో చూస్తూనే ఉంటాం.

వాళ్ళ వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వి బస్సుని వేరే దారిన మళ్ళించినప్పుడు ఆయన గత్యంతరం లేక ఆ సైకిలెక్కాడు. కిర్రు కిర్రుమంటూ దుకాణానికి వెళ్ళి, వెనక తలుపు దగ్గర ఆనించి పెట్టేవాడు. కథంతా అక్కడ మొదలైంది.

ఒకరోజు కంతలోంచి ట్రే రాలేదు, కౌంటరు అమ్మాయి మొహం వచ్చింది. "బాబాయిగారూ, ఒక్కసారి బయటికి రావాలి. మాస్టారి కళ్ళద్దాలు జారిపోతున్నాయంట, మొహం మీద పెట్టి చూస్తేగానీ కుదరదు."

వచ్చినాయన బళ్ళో ఆటల మాస్టారు. సన్నగా, ఎండకి నల్లబడి, బిగించిన తీగలా ఉన్నాడు. సైకిలు తొక్కేటప్పుడు చెమటకి అద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయట. అద్దాలాయన చెవి వెనక కొక్కేన్ని కాస్త వేడిచేసి వంచాడు. ముక్కు దిండ్లు రెండూ దగ్గరికి నొక్కాడు. మాస్టారు తల అటూ ఇటూ విదిలించి చూసి సంతోషపడ్డాడు. డబ్బులిచ్చి వెనక తలుపు వైపు నుంచి వెళ్తూ సైకిలు చూసి ఆగాడు.

"ఇది ఎవరిదండీ?"

"నాదే."

"మీరు తొక్కుతారా? అయితే ఆదివారం మాతో రండి. పొద్దున్న ఐదున్నరకి నీళ్ళ ట్యాంకు దగ్గర కలుస్తాం. ఎనిమిది మందిమి ఉంటాం. కొండరోడ్డు మీదికి వెళ్ళి టీ తాగి వచ్చేస్తాం." వంగి ఫోర్కు నొక్కి చూశాడు. అది కదల్లేదు. "ఈ బండితో మాత్రం కష్టం. దీన్ని ఏదన్నా చెయ్యండి."

మాస్టారు ఆ మాట అని వెళ్ళిపోయాడు. దారిలో ఎదురైన పదిమందికీ ఆయన అదే చెప్పి ఉంటాడు. కానీ అద్దాలాయనని రమ్మని ఒక మనిషి పిలిచి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. గదిలోకి వచ్చి కూర్చుని, ఆ మధ్యాహ్నం ఒక ఎడమ అద్దాన్ని కుడివైపు బిగించబోయి నాలిక్కరుచుకున్నాడు. అలాంటి పొరపాటు ఆయన చేతుల్లో అంతకుముందెప్పుడూ జరగలేదు.

ఆ రోజు నుంచి ఆయనకి ఒకటే ధ్యాస. ఆ ఎనిమిదిమందికి తోడు తను తొమ్మిదోవాడు కావాలి. అందుకు బండి బాగుపడాలి. ఎలాగూ బస్సు ఎక్కడం లేదు గనక నెలనెలా బస్సు పాసుకి పెట్టే డబ్బు సైకిలుకి కేటాయించుకున్నాడు. అంతకు మించి ఒక్క రూపాయి తీయకూడదని నియమం. తర్వాత వీధి చివర సైకిల్ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఒక మాట చెప్తే ఏమీ అనుకోరుగా" అన్నాడు మెకానిక్కు, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి. "దీనికి పెట్టే ఖర్చుకి ఇంకో పాతది, ఇంతకంటే మంచిది వస్తుంది. నాలుగు చోట్ల అడగండి."

నాలుగు చోట్ల అడగడం, అదే ఆయనకి చేతకాని పని. బేరమాడటం కంటే బాగుచేసుకోవడమే సులువు, స్క్రూడ్రైవరుతో మాట్లాడక్కర్లేదు. "ఇదే చేద్దాం" అన్నాడు.

మొదటి నెల టైర్లు. మట్టిలో పట్టు కోసం గుబ్బలు గుబ్బలుగా ఉండే టైర్లు తీసేసి నున్నటివి వేయించాడు. బండి మూలగడం సగం తగ్గింది. రెండో నెల బ్రేకు రబ్బర్లు, తీగలు. మూడో నెల కక్కుర్తిపడ్డాడు. చెయిన్ సాగిపోయింది, వెనక పళ్ళచక్రాలు అరిగిపోయాయి, రెండూ కలిపి మార్చాలి. ఈయన ఈ నెలకి చెయిన్ మాత్రమే చాలనుకున్నాడు. కొత్త చెయిన్ పాత పళ్ళ మీద నిలవక, ఎత్తు ఎక్కినప్పుడల్లా టక్కున జారి మోకాలు హ్యాండిలుకి కొట్టుకునేది. వచ్చే నెల దాకా ఆయన కుంటుతూనే దుకాణానికి వచ్చాడు. ఎందుకు కుంటుతున్నారని అడిగింది కౌంటరు అమ్మాయి ఒక్కతే. ఏం లేదన్నాడు.

చక్రాల సంగతి మాత్రం ఎవరి చేతుల్లోనూ పెట్టలేదు. సాయంత్రాలు వరండాలో సైకిలు తలకిందులుగా నిలబెట్టి, రిమ్ము పక్కన ఒక పెన్సిలు ముక్క కట్టి, చక్రం తిప్పి చూసేవాడు. ఎక్కడ పెన్సిలుకి రాసుకుంటే అక్కడ చక్రం ఆకుని, అంటే స్పోకుని, పావు మర బిగించి, ఎదుటి ఆకుని పావు మర వదిలేవాడు. అరమిల్లీ తేడాని కంటితో పట్టేయగల మనిషికి అది పనా? వారం తిరిగేసరికి చక్రాలు గీత గీసినట్టు తిరగసాగాయి. మెకానిక్కు వచ్చి చూసి, "మా దగ్గర చేరిపోండి సార్" అన్నాడు. ఈయన నవ్వాడేగానీ, ఆ మాట నాలుగు రోజులు తల్చుకున్నాడు.

అన్నిటికంటే పెద్దపని ఫోర్కు. మెకానిక్కు తన తుక్కుగుట్టలోంచి స్ప్రింగుల్లేని మామూలు ఇనప ఫోర్కు ఒకటి లాగాడు. కొలత సరిపోయింది కానీ పైగొట్టం పొడుగు, కోయాలి. ఎక్కువ కోస్తే అతకడం ఉండదు. అద్దాలాయన కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మెకానిక్కు వెళ్ళి టీ తాగొచ్చినా ఇంకా కొలుస్తూనే ఉన్నాడు. తీరా కోశాక వెంట్రుకవాసి తేడా రాలేదు. బండి ముందుభాగం పిట్టలా తేలికైంది. అలా ఏడు నెలలు గడిచాయి.

ఎనిమిదో నెల మొదటి ఆదివారం ఐదింటికే నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరూ వచ్చారు. వాళ్ళ బళ్ళు చూస్తే కళ్ళు చెదిరాయి. చిటికెనవేలితో ఎత్తగలిగేవి కొన్ని. మాస్టారు ఈయన వంక అయోమయంగా చూశాడు.

"మీరు..."

"కళ్ళద్దాలు" అన్నాడు.

"ఓ, మీరా. ఎప్పుడో రమ్మన్నట్టున్నానే."

"బండి బాగుచేసుకుంటున్నానండి."

"ఇన్నాళ్ళా?" అందరూ నవ్వారు. వెటకారపు నవ్వు కాదది. ఈయనా నవ్వబోయాడుగానీ నవ్వు సగం దాకానే వచ్చింది.

బయల్దేరే ముందు మాస్టారు పద్ధతి చెప్పాడు. అందరూ ఒకరి వెనక ఒకరు, చక్రానికి మూరెడు దూరంలో పోవాలి. ముందున్నవాళ్ళు గాలిని చీలుస్తారు గనక వెనకవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. కానీ వెనకవాళ్ళకి ఎదుటి మనిషి వీపు తప్ప రోడ్డు కనపడదు. కాబట్టి రోడ్డు చూసే బాధ్యత ముందున్న మనిషిది. గుంత కనపడితే ఎడమచెయ్యి కిందికి చాపి చూపిస్తూ గుంత అని అరవాలి. రాళ్ళుంటే రాళ్ళు, కారొస్తే కారు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా అందాలి.

కొత్తవాడు గనక అద్దాలాయనని చివర్న పెట్టారు. ఆయన ముందు బ్యాంకులో పనిచేసే ఒకావిడ తొక్కుతోంది. ఊరు దాటాక ఎక్కడో ముందు మాస్టారి గొంతు గుంత అంది. ఆ మాట ఏడు గొంతులు మారి వచ్చింది. బ్యాంకావిడ చెయ్యి కిందికి చాపి, మెడ కాస్త వెనక్కి తిప్పి, "గుంతండీ, చూసుకోండి" అంది.

చూసుకోమని. అమ్మ పోయాక ఇన్నేళ్ళలో ఎన్ని గుంతలు, ఎన్ని రాళ్ళు దాటాడో, చూసుకోమని ఒక్కరన్నారా. ఆ ఉదయం ఆ మాట ఆయనకి పధ్నాలుగుసార్లు వినపడింది. లెక్కపెట్టుకున్నాడు. చివరి మనిషి గనక ఆయన ఎవరికీ చెప్పక్కర్లేదు, వినడమే. ఊకొట్టే వరసలో మళ్ళీ చోటు దొరికినట్టయింది.

కొండ మీద టీ దుకాణం దగ్గర అందరూ ఆయన బండి చుట్టూ మూగారు. ఇంత పాతబండి ఇంత నిశ్శబ్దంగా ఎలా పోతోందని అడిగారు. ఫోర్కు కోసిన సంగతి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో తన గొంతు తనకే వినపడి ఆగాడు. "చెప్పండి, తర్వాత?" అంది బ్యాంకావిడ. చెప్పాడు. టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. ఆ సాయంత్రం అక్క మూడు ప్రశ్నలూ అయిపోయాక ఆయనే, "ఇవాళ వాళ్ళతో కొండకి వెళ్ళాను" అన్నాడు.

"ఎవళ్ళతోరా?"

"ఉన్నార్లే. ఎనిమిదిమంది."

అక్క నాలుగో ప్రశ్న అడిగింది, ఐదోది కూడా అడిగింది. ఫోను పెట్టేశాక ఈయన వంటగదిలోకి వెళ్ళి ఎందుకొచ్చాడో మర్చిపోయి నిలబడ్డాడు. చెప్పొద్దూ, సంతోషం ఆ వయసులో వస్తే మనిషిని అలాగే తికమక పెడుతుంది.

అలా మూడు ఆదివారాలు. నాలుగోసారి, తిరుగుదారిలో మాస్టారు వెనక్కి వచ్చి ఆయన పక్కన చేరాడు. "ఇవాళ వంతెన దాటేదాకా మీరు ముందుండండి. బండి బ్రహ్మాండంగా పోతోంది. మాకు కాస్త గాలికి అడ్డముండండి."

ముందుండమన్నారు. అద్దాలాయన అందరినీ దాటుకుంటూ వెళ్ళి ముందుకొచ్చాడు. ఎదుట వీపు లేదు, రోడ్డు మాత్రమే ఉంది. చెయిన్ నూనెలో తేలినట్టు పోతోంది. వెనక ఎనిమిదిమంది తన చక్రాన్ని నమ్ముకుని వస్తున్నారని ఆయనకి తెలుసు, ఆ తెలియడమే కాళ్ళకి బలమిచ్చింది. కాస్త రాళ్ళు పడున్నచోట పక్కకి తప్పుకున్నాడు. అదృష్టవశాత్తూ వెనకవాళ్ళూ తప్పుకున్నారు.

వంతెన మొదట్లో, చెట్టునీడ పడినచోట, గుంత ఉంది. చేతులు కడుక్కునే పళ్ళెమంత ఉంటుంది, అంచులు పదును. ఆయన దాన్ని చాలా దూరం నుంచే చూశాడు. ఆ కళ్ళు చూడకుండా వదలవు. హ్యాండిలు జానెడు కుడికి వంచి, చక్రం అంచుకి తగలకుండా, ఇరవై ఏడేళ్ళ చేతి నేర్పుతో, నీళ్ళలో చేపలా దాటేశాడు. ఒంటరిగా పోయే మనిషి గుంతని ఎలా దాటతాడో అలా, కిమ్మనకుండా.

వెనక ఇనుము నేలకి కొట్టుకున్న చప్పుడైంది. తర్వాత "అమ్మా" అని ఒక గొంతు.

బ్యాంకావిడ ఆ రోజు సరిగ్గా ఆయన వెనకే ఉంది. ముందుచక్రం గుంతలో దిగి, ఆవిడ చెయ్యి కింద పెట్టి పడింది. ఆ వెనకాయన బ్రేకు వేసి పక్కకి ఒరిగాడు. మిగతావాళ్ళు ఎలాగో ఆగారు. ఆవిడ మణికట్టు అప్పటికే వాచిపోతోంది. మొహం పాలిపోయింది.

ఎవరూ కేకలెయ్యలేదు. మాస్టారు ఆవిడ చేతికి తువ్వాలు కట్టి, ఎవరికో ఫోను చేసి కారు పిలిచి, అప్పుడు ఈయన వైపు తిరిగాడు. "చూడలేదా అండీ?"

చూడలేదని అంటే సరిపోయేది. నీడలో ఉంది, ఎవరికీ కనపడదు, అందరూ అయ్యో అనుకుని వదిలేసేవారు. మాస్టారు ఆ దారి తెరిచిపెట్టే అడిగాడు. అద్దాలాయనకి అబద్ధం చెప్పడం రాదు. అబద్ధానికి కూడా మాటలు కావాలి.

"చూశానండి" అన్నాడు.

అందరూ ఆయన మొహంలోకి చూశారు. చూడకపోవడం వాళ్ళకి అర్థమవుతుంది. చూసి, తను తప్పుకుని, వెనకవాళ్ళని వదిలేసిన మనిషిని ఏమనుకోవాలో వాళ్ళకి తెలియలేదు. "ఒక్క మాట అనాల్సింది కదండీ" అన్నాడు మాస్టారు, చాలా నెమ్మదిగా. తిట్టినా బాగుండేది. నోటిదాకా రావాల్సిన మాట అసలు పుట్టనే లేదని, తన వెనక మనుషులుంటారన్న సంగతి కాళ్ళకి తెలిసిందిగానీ నోటికి తెలియలేదని ఆయన ఎలా చెప్పగలడు. తల కొట్టేసినట్టయి నిలబడ్డాడు.

కారులో ఎక్కుతూ బ్యాంకావిడ, "పర్లేదులెండి" అంది. ఆ పర్లేదు ఆయనని వారమంతా నిద్రపోనివ్వలేదు.

ఆవిడ సైకిలు ఆయనే ఇంటికి నడిపించుకొచ్చాడు. వంకరపోయిన చక్రాన్ని నాలుగు సాయంత్రాలు కూర్చుని సరిచేశాడు. కొత్తగా కొన్నప్పుడు కూడా అది అంత బాగా తిరిగి ఉండదు. శనివారం తీసుకెళ్ళి ఇచ్చాడు. తలుపు తీసినాయన ఆవిడ భర్త. ఎముక విరగలేదట, చీలిందట, ఆరు వారాలు కట్టు ఉంచాలట. థాంక్సండీ అని సైకిలు లోపల పెట్టుకున్నాడు. క్షమించమని అడగాలనే వచ్చాడు అద్దాలాయన. దారంతా ఆ మాట నోట్లో నాన్చుకుంటూనే వచ్చాడు. తలుపు మర్యాదగానే మూసుకుంది.

అదే సాయంత్రం మాస్టారు ఫోను చేశాడు. "రేపు రండి. మీరు రాకపోతే ఆవిడే బాధపడుతుంది. కాకపోతే కొన్నాళ్ళు వెనకే ఉండండి, సరేనా?"

"సరేనండి."

మంచివాళ్ళు. అదే చిక్కు. వెనకే ఉండమన్నది శిక్ష కాదు, జాగ్రత్త. మళ్ళీ ఎవరో మెడ తిప్పి గుంతండీ అంటారు, చూసుకోండి అంటారు. అది వినాలని ఆయన ప్రాణం ఎంత కొట్టుకుంటోందో చెప్పలేను. కానీ తను ఎవరికీ చెప్పలేని మాటని ఊరికే ఎదుటివాళ్ళ నోట వింటూ కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

ఆదివారం ఐదింటికే ఆయన లేచి, బట్టలు మార్చుకుని, మంచమ్మీదే కూర్చున్నాడు. ట్యాంకు దగ్గర వాళ్ళు ఐదు నిమిషాలు ఎక్కువ ఆగి ఉంటారు. తర్వాత వెళ్ళిపోయి ఉంటారు. వాళ్ళు తిరిగొచ్చే వేళ కూడా దాటాక, ఎండ బాగా ముదిరాక, ఆయన సైకిలు వీధిలోకి దింపి ఒక్కడే కొండరోడ్డు పట్టాడు.

ఊరు దాటగానే మొదటి గుంత వచ్చింది. చెయ్యి కిందికి పోయింది, గొంతు రాలేదు. ఆగి, బండి తిప్పుకుని వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. ఈసారి దగ్గులాంటిదేదో వచ్చింది. మళ్ళీ వెళ్ళాడు. రోడ్డు పక్కన గోడకి సున్నం వేస్తున్న మనిషి బ్రష్షు ఆపి, ఈయన అదే గుంత చుట్టూ తిరగడం చూసి, పాపం అనుకున్నట్టున్నాడు. అద్దాలాయన సిగ్గుతో చెమట్లు పట్టి, అయినా నాలుగోసారి వచ్చాడు. మాట బయటపడింది, సన్నగా, తనది కానట్టు.

తర్వాత రాళ్ళని రాళ్ళన్నాడు. ఎదురొచ్చిన కారుని కారన్నాడు. వంతెన దగ్గర ఆ గుంతని ఇంకా ఎవరూ పూడ్చలేదు. చాలా ముందుగానే ఎడమచెయ్యి కిందికి చాపాడు. గొంతు మండేలా, వంతెన అవతల మేస్తున్న మేకలు తలెత్తేలా, గుంత అని అరిచాడు. అరిచి, మెడ తిప్పి వెనక్కి చూశాడు.

వెనక ఎవరూ లేరు. ఉండి ఉంటే, ఈసారి పడేవాళ్ళు కాదు.